రెక్కపై విడివడే గాలిని పల్స్ ధారలతో పట్టి ఉంచడం ఎలా?

విమానం రెక్క ముందంచును కొద్దికొద్దిగా పైకెత్తుతూ పోతే, ఒక కోణం దాటాక పైతలాన్ని అంటిపెట్టుకొని సాగాల్సిన గాలి దాన్ని వదిలేసి లేచిపోతుంది. రెక్కను పైకి లేపే బలం, అంటే లిఫ్ట్, పడిపోతుంది; వెనక్కి లాగే బలం, అంటే డ్రాగ్, పెరుగుతుంది. దీనినే స్టాల్ అంటారు. రెక్క ముందుభాగంలో సన్నని చీలిక, అంటే స్లాట్, కోసి, అందులోంచి గాలిని ధారాపాతంగా కాకుండా విడతలు విడతలుగా (ఒక్కో విడత ఒక పల్స్), సెకనుకు కొన్ని పదుల సార్లు వదిలితే, ఆ విడివడటాన్ని మరికొన్ని డిగ్రీల దాకా వాయిదా వేయవచ్చు. నమూనా మీదికి గాలిని వీచే చిన్న విండ్ టన్నెల్ అందుబాటులో ఉన్న ఎవరైనా ఈ ప్రయోగం చేయగలరు. అయినా "పల్స్ ఇచ్చి చూశాం, తేడా ఏమీ రాలేదు" అనేవారు తరచుగా ఎదురవుతూనే ఉంటారు. వారి అమరికను దగ్గరికి వెళ్లి చూస్తే చాలాసార్లు బయటపడేది ఒకటే సంగతి: పల్స్ వాల్వుకు అందుతోంది, స్లాట్ నుంచి మాత్రం బయటికి రావడం లేదు. అందుకని మిగిలిన దశలను త్వరగా ముగించి, ఆ ఒక్క దశ దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

సామగ్రి, రెక్క నమూనా

సెకనుకు 15 మీటర్ల వేగాన్ని నిలకడగా ఇచ్చే విండ్ టన్నెల్, కంప్రెసర్, ప్రెజర్ రెగ్యులేటర్, విద్యుత్ సంకేతంతో తెరుచుకొని మూసుకునే ఆరు వేగవంతమైన సోలినాయిడ్ వాల్వులు, వాటిని నడిపే సిగ్నల్ జనరేటర్, వేడెక్కిన సన్నని తీగతో గాలి వేగాన్ని కొలిచే హాట్ వైర్ ప్రోబ్, ఆ కొలతను తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోప్, లిఫ్ట్‌ను డ్రాగ్‌ను కొలిచే బ్యాలెన్స్ ఉంటే చాలు. రెక్కకు నాకా 0015 అనే ప్రామాణిక ఆకృతిని తీసుకోండి. ముందంచు నుంచి వెనకంచు వరకు, అంటే కార్డ్, 300 మిల్లీమీటర్లు. అడ్డంగా కూడా 300 మిల్లీమీటర్లే ఉంచి, రెండు చివరలా పలకలు బిగించండి.

ముందంచు నుంచి కార్డ్‌లో పదో వంతు దూరంలో, పైతలం మీద, అర మిల్లీమీటరు ఎత్తున్న స్లాట్ ఉండాలి. అది తలానికి 30 డిగ్రీల వాలుతో వెనకంచు వైపు చూడాలి. లోపల దానిని 50 మిల్లీమీటర్ల చొప్పున ఆరు గదులుగా విభజించి, ఒక్కో గదికి ఒక్కో వాల్వు ఇవ్వాలి. మొత్తం స్లాట్‌కు ఒకే పెద్ద గది, ఒకే వాల్వు పెట్టే పద్ధతిని నేను ఒప్పుకోను. గాలి ప్రవేశించే చోట ధార బలంగా, చివర్లలో నీరసంగా వస్తుంది. అప్పుడు రెక్క మధ్యలో ఒక ప్రయోగం, అంచుల్లో మరో ప్రయోగం జరుగుతున్నట్టే అవుతుంది.

స్లాట్‌కు ముందు, ముందంచుకు దగ్గరగా, సన్నని గరుకు పట్టీ అంటించడం మరవకండి. గాలి వేగం, రెక్క పరిమాణం, గాలి జిగట కలిపి లెక్కించే రేనాల్డ్స్ సంఖ్య ఈ వేగంలో ఈ రెక్కకు సుమారు 3,00,000 ఉంటుంది. ఆ స్థాయిలో రెక్కను ఆనుకొని ఉండే సరిహద్దు పొర చాలా దూరం ప్రశాంతంగానే సాగుతుంది. దాన్ని ఏ చిన్న కదలికైనా అల్లకల్లోల ప్రవాహంగా మార్చేస్తుంది, ఆ మార్పు ఒక్కటే విడివడటాన్ని కొంత ఆపుతుంది. పట్టీ లేకపోతే ఆ ఫలితాన్ని కూడా పల్స్ ఖాతాలోనే వేసుకుంటారు.

ఎంత వేగంగా కొట్టాలి, ఎంత బలంగా కొట్టాలి

పౌనఃపున్యం లెక్క సులువు. స్లాట్ నుంచి వెనకంచు వరకు ఉన్న దూరాన్ని పౌనఃపున్యంతో గుణించి గాలి వేగంతో భాగిస్తే వచ్చే సంఖ్య సుమారు 1 ఉండాలి. మన రెక్కలో ఆ దూరం 0.27 మీటర్లు, వేగం 15 మీటర్లు, కాబట్టి సెకనుకు సుమారు 56 పల్స్‌లు కావాలి. ఈ సంఖ్య గాలిలోనుంచి పుట్టింది కాదు. విడివడిన గాలికీ రెక్కకూ మధ్య ఏర్పడే పొర సహజంగానే సుడులు తిరుగుతుంది. పల్స్ ఆ సుడులకు వేళ నిర్ణయిస్తుంది, వాటిని పెద్దవి చేస్తుంది. సుడి సుమారుగా బయటి గాలిలో సగం వేగంతో వెనక్కి జారుతుంది కనుక, ఈ పౌనఃపున్యంలో ఏ క్షణాన చూసినా రెక్క మీద రెండు సుడులు ఉంటాయి. కవ్వం పైనున్న మజ్జిగను కిందికి లాగినట్టు, అవి పైనున్న వేగవంతమైన గాలిని తలం దగ్గరికి దించుతాయి.

ఇక బలం. పల్స్ ఉన్నంతసేపు ధార సెకనుకు 30 మీటర్ల వేగంతో రావాలి, చక్రంలో సగం కాలం మాత్రమే తెరిచి ఉండాలి. దీన్ని ద్రవ్యవేగ గుణకంగా, అంటే బయటి ప్రవాహంతో పోల్చితే ధార తెచ్చే ద్రవ్యవేగం ఎంతో చెప్పే సంఖ్యగా, లెక్కిస్తే సగటున సుమారు 0.67 శాతం వస్తుంది. మొదటి ప్రయోగానికి ఇది సరిపోతుంది.

ఇంత తక్కువ గాలితో పని జరగడమే ఈ పద్ధతి గొప్పతనం. సరిహద్దు పొర అనే భావనను 1904లో లుడ్విగ్ ప్రాంట్ల్ ప్రకటించినప్పుడే, సిలిండర్ మీద ఒక చీలిక ద్వారా ఆ పొరను పీల్చివేసి విడివడటాన్ని అరికట్టవచ్చని చూపాడు. తర్వాత వచ్చిన ఎఫ్-104 స్టార్‌ఫైటర్, బ్లాక్‌బర్న్ బక్కనీర్ వంటి యుద్ధ విమానాలు ఇంజిన్ నుంచి గాలిని తీసి రెక్క మీద నిరంతరంగా ఊదేవి. అది పనిచేసింది, కానీ ఇంజిన్ శక్తిని బాగా తినేసింది. 1990లలో టెల్ అవీవ్‌లో అవీ సైఫర్ట్, ఇజ్రాయెల్ విగ్నాన్‌స్కీ తదితర పరిశోధకులు అదే పనిని ఊగే ధారతో చాలా తక్కువ గాలితో సాధించవచ్చని చూపాక పరిస్థితి మారింది. అందుకే స్థిరమైన ధారతో మొదలుపెట్టి, అది చాలకపోతే పల్స్‌కు వెళ్దామనే ఆలోచన నాకు నచ్చదు. మొదటి నుంచీ పల్స్‌తోనే చేయాలి.

ఆగాల్సిన దశ: స్లాట్ నుంచి బయటికి వస్తున్నది ఏమిటి?

రెక్కను టన్నెల్‌లో బిగించకముందే, బల్ల మీద, కదలని గాలిలో, స్లాట్ నుంచి వచ్చే ధారను కొలవాలి. ఈ దశను దాటవేసి చేసిన ఏ ఫలితాన్నీ నేను పట్టించుకోను.

కారణం చెబుతాను. ఒకసారి ఒక ప్రయోగశాలలో, వాల్వుల శబ్దం, బరువు టన్నెల్‌లోకి రాకూడదనే సదుద్దేశంతో, వాటిని బయట బల్ల మీద పెట్టి మూడు మీటర్ల సన్నని గొట్టాలతో రెక్కకు కలిపారు. సిగ్నల్ జనరేటర్ తెర మీద చతురస్రాల వరుస చక్కగా కనిపిస్తోంది, వాల్వులు టకటకమంటున్నాయి, రెక్క మీద మాత్రం ఏ మార్పూ లేదు. నేను హాట్ వైర్‌ను స్లాట్ ముందు పెట్టి చూశాను. ఆసిలోస్కోప్ మీద చతురస్రాలు లేవు. దాదాపు చదునైన గీత, దాని మీద చిన్న అల మాత్రమే ఉంది. వాళ్లు రెండు వారాల పాటు కొలిచింది పల్స్ ధారను కాదు, బలహీనమైన స్థిర ధారను.

లెక్క వేస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. గాలిలో పీడనపు వార్త ధ్వని వేగంతోనే ప్రయాణిస్తుంది. మూడు మీటర్లు దాటడానికి దానికి సుమారు 9 మిల్లీసెకన్లు పడుతుంది, 56 పల్స్‌ల లెక్కన అర్ధచక్రం కూడా సుమారు 9 మిల్లీసెకన్లే. వాల్వు తెరుచుకున్న వార్త స్లాట్‌కు చేరేసరికి వాల్వు మూసుకుంటోంది. దానికి తోడు సన్నని గొట్టంలో రాపిడి వల్ల వాల్వు దగ్గర పీడనం పేరుకుంటుంది, వాల్వు మూసుకున్నాక కూడా అది తీరిగ్గా స్లాట్ నుంచి కారుతూనే ఉంటుంది. గొట్టాన్ని మీటరుకు కుదించినా పూర్తిగా బయటపడలేరు. ఒక చివర మూసి ఉన్న మీటరు గొట్టం సెకనుకు సుమారు 85 సార్ల దగ్గర పిల్లనగ్రోవిలా మోగుతుంది. మీరు పౌనఃపున్యాన్ని మార్చుతూ పోయినప్పుడు ఆ దరిదాపుల్లో ధార ఉన్నట్టుండి బలపడి, "ఇదే అనువైన పౌనఃపున్యం" అనే భ్రమ కలిగిస్తుంది. అది రెక్క చెప్పిన సంగతి కాదు, గొట్టం చెప్పినది.

కాబట్టి వాల్వులు రెక్క లోపలే ఉండాలి. వాల్వుకూ గదికీ మధ్య గొట్టం బెత్తెడు మించకూడదు. ఈ కొలతను నేను నియమంగానే పాటిస్తాను. రెక్కలో చోటు చాలకపోతే రెక్కను పెద్దది చేయాలి తప్ప గొట్టాన్ని పొడిగించకూడదు.

ఇప్పుడు కొలత. హాట్ వైర్‌ను స్లాట్ పెదవి నుంచి ఒక మిల్లీమీటరు దూరంలో, ధార మధ్యలో ఉంచండి. ఆ తీగ మందం కొన్ని మైక్రాన్లే కాబట్టి స్లాట్‌కు తగిలితే తెగిపోతుంది. భూతద్దంతో చూస్తూ, కదిపే బల్ల మర మీద కొద్దికొద్దిగా జరపాలి, చేత్తో పట్టుకొని ప్రయత్నించకూడదు. ధార మధ్యలో ఉన్నారా లేదా అన్నది కంటికి తెలియదు. తీగను పైకీ కిందికీ వెంట్రుకవాసి జరుపుతూ, వేగం ఎక్కడ గరిష్ఠంగా ఉందో అక్కడ ఆపాలి. కంప్రెసర్ నుంచి వచ్చే గాలి ఉష్ణోగ్రత ప్రయోగశాల ఉష్ణోగ్రత కంటే వేరుగా ఉండవచ్చు. హాట్ వైర్ గాలి చల్లదనాన్ని కూడా గాలి వేగమేనని పొరబడుతుంది కనుక, ధార ఉష్ణోగ్రతను విడిగా కొలిచి సరిదిద్దాలి.

తెర మీద మూడు సంగతులు చూడాలి. పల్స్ శిఖరం సెకనుకు 30 మీటర్లకు చేరుతోందా? పల్స్‌కూ పల్స్‌కూ మధ్య వేగం శిఖరంలో అయిదో వంతు కంటే కిందికి పడిపోతోందా? పడకపోతే దాన్ని నేను పల్స్ ధారగా పరిగణించను, గొట్టాన్ని కుదించి మళ్లీ మొదలుపెడతాను. మూడోది, ఒక్కో గది ముందు కనీసం రెండు చోట్ల కొలిచినప్పుడు ఆరు గదుల ధారలూ ఒకే క్షణంలో లేస్తున్నాయా? ఒక గది రెండు మిల్లీసెకన్లు ఆలస్యమైనా ఆ చోట సుడి వంకరపోతుంది. వాల్వులన్నీ ఒకే రకానివైనా వాటి స్పందన కాలాలు అచ్చంగా ఒకటి కావు, అందుకే ఒక్కో వాల్వు సిగ్నల్‌ను విడిగా ముందుకు, వెనక్కి జరుపుకొనే వీలుండాలి. ఈ పనినంతా ఒక్క పౌనఃపున్యం దగ్గర చేసి వదిలేయకూడదు. మీరు టన్నెల్‌లో వాడబోయే ప్రతి పౌనఃపున్యం దగ్గరా చేసి, శిఖరం మారకుండా ఉండేందుకు రెగ్యులేటర్‌ను ఎక్కడ ఉంచాలో రాసి పెట్టుకోవాలి. ఇందుకు ఒక రోజంతా పట్టవచ్చు. ఆ రోజు వృథా కాదు.

వాల్వులకు బదులు గది గోడలో చిన్న స్పీకర్ వంటి పొర పెట్టి, గాలిని పీల్చి వదిలే పద్ధతి కూడా ఉంది. దానికి కంప్రెసర్ అక్కర్లేదు కనుక చాలామంది దాన్నే ఇష్టపడతారు. కానీ అది తన సహజ పౌనఃపున్యం దగ్గర మాత్రమే బలంగా పనిచేస్తుంది. పైగా హాట్ వైర్‌కు గాలి దిశ తెలియదు కనుక పీల్చడాన్ని కూడా ఊదడంగానే చూపుతుంది, పల్స్‌లు రెట్టింపు కనిపిస్తాయి. పౌనఃపున్యాన్ని మార్చి చూడాలనుకునేవారికి వాల్వులే తగినవి.

టన్నెల్‌లో

రెక్క పైతలం మీద మూడేసి సెంటీమీటర్ల నూలు పోగులను వరుసలుగా అంటించండి. గాలి లేకుండా ధారలు మాత్రమే నడిపి బ్యాలెన్స్ చూపే బలాన్ని రాసుకోండి. మన ధార తోపు సగటున సుమారు 0.08 న్యూటన్లు. 12 న్యూటన్ల లిఫ్ట్ ముందు అది లెక్కలోకి రాదు, కానీ గాలి అంటిపెట్టుకొని ఉన్నప్పుడు డ్రాగ్ సుమారు పావు న్యూటనే కాబట్టి, తీసివేయకపోతే డ్రాగ్ మూడో వంతు తగ్గిందని పొరబడతారు.

తర్వాత గాలి నడిపి మూడు సార్లు కోణాన్ని సున్నా నుంచి 20 డిగ్రీల వరకు ఒక్కో డిగ్రీ పెంచుతూ పోవాలి. మొదటిసారి స్లాట్‌ను పలుచని టేపుతో మూసి, రెండోసారి టేపు తీసి ధార లేకుండా, మూడోసారి ధారతో. మొదటి రెండింటికీ మధ్య ఉన్న తేడా స్లాట్ చేసిన నష్టం. రెండో, మూడో పరీక్షల మధ్య ఉన్నది మాత్రమే పల్స్ చేసిన మేలు. మూడోదాన్ని మొదటిదానితో మాత్రమే పోల్చితే పల్స్‌కు అన్యాయం చేసినట్టు, రెండోదానితో మాత్రమే పోల్చితే రెక్కకు అన్యాయం చేసినట్టు. రెండూ చెప్పాలి.

ధార లేనప్పుడు స్టాల్ దాటగానే పోగులు లేచి ఇటూ అటూ కొట్టుకుంటాయి, కొన్ని ముందంచు వైపు తిరుగుతాయి. అదే కోణంలో ధార నడిపి ఒక్క క్షణం ఆగండి. స్లాట్‌కు దగ్గరి వరుస ముందుగా వెనక్కి వాలుతుంది, తర్వాత మధ్య వరుస, చివరగా వెనకంచు దగ్గరి పోగులు. ఆ చివరి వరుస పూర్తిగా కుదురుకోదు, సన్నగా వణుకుతూనే ఉంటుంది. సుడులు వాటి మీదుగా జారిపోతున్నాయనడానికి అదే గుర్తు. కోణం పెంచే ముందు ధార నడపడమూ, గాలి విడివడిన తర్వాత నడపడమూ ఒకటి కాదని గుర్తుంచుకోండి. అంటిపెట్టుకొని ఉన్నదాన్ని నిలపడం కంటే, విడిపోయినదాన్ని తిరిగి అంటించడానికి ఎక్కువ బలం కావాలి. ఏ క్రమంలో చేశారో ప్రతి పట్టికలోనూ రాయండి.

పౌనఃపున్యాన్ని మొదట లెక్క ప్రకారం 56 దగ్గర ఉంచి, తర్వాత 28, 84, 112 దగ్గర ప్రయత్నించండి. ఒక్కోచోట బల్ల మీద రాసి పెట్టుకున్న రెగ్యులేటర్ స్థానాన్నే వాడండి. మంచి ఫలితం ఏ పౌనఃపున్యం దగ్గర వచ్చిందో తెలిశాక, గాలి వేగాన్ని 10 మీటర్లకు తగ్గించి, పౌనఃపున్యాన్ని మార్చుతూ మళ్లీ చేయండి. మేలు నిజంగా రెక్క ప్రవాహానిదైతే అనువైన పౌనఃపున్యం కూడా అదే నిష్పత్తిలో, అంటే 56 నుంచి సుమారు 37కు తగ్గాలి. అది కదలకుండా అక్కడే ఉంటే మీరు గదుల అనునాదాన్నో, వాల్వుల కంపనాన్నో కొలుస్తున్నారు, మళ్లీ బల్ల దగ్గరికి వెళ్లాలి.

పరీక్షలు ముగిశాక రెక్కను విప్పి, హాట్ వైర్‌ను మళ్లీ స్లాట్ ముందు పెట్టండి. అర మిల్లీమీటరు చీలికలో టేపు జిగురు గానీ, కంప్రెసర్ నూనె తుంపర గానీ పేరుకొని, ఏదో ఒక గది శిఖరం పడిపోయి ఉండవచ్చు. పడిపోతే, ఆ గది చివరిసారి ఎప్పుడు సరిగా ఉందో ఆ పరీక్ష వరకే ఫలితాలను ఉంచుకొని, తర్వాతివి మళ్లీ చేయాలి.