పక్కవాద్యంతో పాడడం – ఆరవ పాఠం: విరామాన్ని నిలబెట్టడం

గత పాఠం తరువాత మీరు మృదంగంతో పాడి పంపిన ముక్తాయిలలో (ముగింపుగా మూడుసార్లు పాడే స్వర పదాలలో) ఎక్కువ భాగం సమానికి, అంటే తాళం చుట్టు మొదలయ్యే దెబ్బకు, ముందే వచ్చి పడ్డాయి కనుక, ఈ వారం చెబుతానన్న నెరవును (సాహిత్యంలో ఒక పంక్తిని రకరకాలుగా పెంచి పాడడాన్ని) వాయిదా వేసి అక్కడే ఆగుదాము. శ్రుతి, తాళం మీకు వచ్చినవే.

మోహన రాగంలో మనం తీసుకున్న ‘గపదస దపగరి’ ఎనిమిది మాత్రలు (తాళంలో ఒక్కొక్క లెక్కకు నాలుగు మాత్రలు). మూడుసార్లు పాడితే 24, నడుమ నాలుగేసి మాత్రల విరామాలు రెండు, వెరసి 32; ఆదితాళంలో సరిగ్గా ఒక ఆవర్తం, అంటే ఎనిమిది లెక్కల పూర్తి చుట్టు. చేతిమీద చూసుకుంటే మొదటి విరామం ఉంగరపు వేలి మీద, రెండవది మొదటి ద్రుతంలో (ఒక దెబ్బ, ఒక చెయ్యి తిప్పడం కలిసిన భాగంలో) చెయ్యి తిప్పే చోట వస్తుంది. ఒక్కొక్క విరామంలో ఒక్క మాత్ర తగ్గినా పల్లవి ఎత్తుగడకు రెండు మాత్రల ముందే చేరతారు.

లెక్క తెలిసినవారు కూడా అక్కడ తొందరపడుతున్నారంటే, తాను ఊరుకున్న క్షణంలో సభ తనను మరచిపోతుందన్న భయమే కారణమని నా అభిప్రాయం. ఆ నాలుగు మాత్రలు మృదంగ విద్వాంసుడివి. మొదటిసారి పాడినప్పుడు ఆయన పదం నడక వింటారు, విరామంలో దానిని చేతిలోకి తెచ్చుకుంటారు, రెండవసారి అనుసరిస్తారు, మూడవసారికి మీతో సమంగా దిగుతారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, ఇంట్లో గుట్టుగా కట్టుకున్న చిక్కు లెక్కను వేదిక మీద హఠాత్తుగా పాడి, మృదంగం తడబడితే అది తన విద్వత్తు అని మురిసిపోవడం. హైదరాబాదు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కూర్చున్న శ్రోతకు ఎవరిది పైచేయి అన్నది పట్టదు. పాట తెగిన చోటు మాత్రం వినబడుతుంది. ఖండం (అయిదేసి మాత్రల నడక), తిశ్రం (మూడేసి మాత్రల నడక) కలిపిన ముక్తాయి ఏదైనా నేను కచేరీకి ముందే తాళం వేసి వినిపిస్తాను. ముందే చెబితే గాయకుడి గొప్ప ఏముంటుందని ఒకరు అడిగారు. చెప్పి పాడినప్పుడు ఇద్దరూ కలిసి సమం మీద దిగే నిండుదనం ఒక్కసారి వింటే ఆ ప్రశ్న మళ్ళీ రాదు.

వయొలిన్ సంగతి కూడా ఇంతే. మీరు పాడిన స్వరానికి వయొలిన్ ఇచ్చే జవాబు ముగిసేదాకా మీ తరువాతి స్వరం వెతుక్కోకుండా వినండి. వయొలిన్ వెంట నడవడానికే ఉందని రాసినవారికి ఒక మాట: ఆ వాద్యానికి సోలో కచేరీ గౌరవం తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు (1893–1964) పక్కవాద్యం కూడా వాయించారు.

సాధన: రామ్‌కోటి సంగీత కళాశాలలోనో మీ వీధిలోనో మృదంగం నేర్చుకుంటున్న వారిని అడిగి, మొదటి మూడు రోజులు ఒక్క స్వరమూ పాడకుండా వారికి తాళం మాత్రమే వేయండి. నాలుగవ రోజు నుంచి ముక్తాయి పాడండి. ఫోను మృదంగం పక్కనే పెట్టి రికార్డు చేయండి. మీ గొంతు చిన్నగా వినబడినా ఫరవాలేదు, విరామాలలో మృదంగం ఏం చేస్తున్నదో నాకు వినబడాలి.