వీధిలో ఎండుటాకుల మంటలు ఆపడం ఎలా?

ఆకులు రాలే కాలం వచ్చిందంటే మన నగరాల్లో పొద్దున్నే వీధి మూలల్లో పొగ లేస్తుంది. ఊడ్చిన కుప్పకు ఎవరో నిప్పంటిస్తారు. ఆకులు కాలితే పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి, కార్బన్ మోనాక్సైడ్ వెలువడతాయి. కుప్పలో పీవీసీ తీగలో గొట్టం ముక్కలో ఉంటే డయాక్సిన్లు అనే విష రసాయనాలు కూడా పుడతాయి. పిల్లలు బడికి బయలుదేరే వేళకు ఈ పొగంతా నేల మీదే కమ్ముకుని ఉంటుంది. నగరం మొత్తం గాలిని మనం మార్చలేకపోవచ్చు కానీ, ఈ మంటను మాత్రం ఒక వీధివాళ్లు కలిస్తే ఆపగలరు.

మొదట, ఊడ్చేవారితో మాట్లాడండి. వారిని కసురుకోవడం అన్యాయం. ఆ పొగను అందరికన్నా దగ్గరగా పీల్చేది వారే. బండి రాక, కుప్ప పోయడానికి చోటు లేక చాలాసార్లు నిప్పు పెడతారు. అందుకే ఆకులకు చోటు చూపించే బాధ్యత మనది.

రెండో పని ఆ చోటు సిద్ధం చేయడం. పార్కు మూలలోనో అపార్ట్‌మెంటు వెనుకనో గోడకు కాస్త ఎడంగా, మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉండేలా ఇనుప వలతో ఒక గూడు కట్టండి. అంతకంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు. ప్లాస్టిక్ ఏరేసి, జానెడు మందాన ఆకులు పరిచి, పైన పేడ నీళ్లు చల్లండి. పేడ దొరక్కపోతే కూరగాయల తొక్కలు పలుచగా వేయండి. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, నత్రజని తక్కువ. ఆ లోటు తీరకపోతే కుప్ప నెలల తరబడి అలాగే పడి ఉంటుంది. గూడు నిండేదాకా ఇలాగే పొరలు వేస్తూ పోవాలి. పిడికిట్లో పిండితే చేయి తడవాలి, నీరు మాత్రం కారకూడదు. తడి ఆరనివ్వకపోతే ఎవరైనా పారేసిన సిగరెట్‌తో అంటుకునే ప్రమాదం కూడా తప్పుతుంది.

సరిగా కుదిరితే కొద్ది రోజుల్లోనే కుప్ప లోపల 50 డిగ్రీలు దాటుతుంది. రెండు వారాలకోసారి తిరగేయండి. మామిడి, పనస వంటి దళసరి ఆకులను ముందే నలిపి వేస్తే మేలు. మూడు నుంచి ఆరు నెలల్లో నల్లని, మట్టి వాసన వేసే ఎరువు తయారవుతుంది. కుళ్లు వాసన వస్తే తడి ఎక్కువైందన్నమాట. ఇంకొన్ని పొడి ఆకులు కలపండి.

ఇంత చేసినా మంటలు ఆగకపోతే ఫిర్యాదు చేయాల్సిందే. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వీధుల్లో చెత్త కాల్చడాన్ని నిషేధించాయి. అదే ఏడాది డిసెంబరులో, పర్యావరణ కేసులు విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ మామూలుగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు వసూలు చేయాలని ఆదేశించింది. చోటు, సమయం తెలిసేలా ఫొటో తీసి నగరపాలక సంస్థకు పంపండి. ఫోనులో గాలి నాణ్యత సూచీ బాగుందని ఊరుకోవద్దు. ఆ అంకె నమోదయ్యే కేంద్రం మీ వీధికి కిలోమీటర్ల దూరంలో ఉండవచ్చు.

ఎరువు తయారయ్యాక జల్లెడ పట్టి, ఆకులు రాల్చిన చెట్ల మొదళ్లకే వేయండి. కాండానికి తగలకుండా బెత్తెడు దూరం వదిలితే చాలు.