కంపెనీ లీజు కారును గడువుకు ముందే క్లోజ్ చేయాలంటే ఏం చేయాలి

ఉద్యోగం బెంగళూరులో, ఇల్లు అనంతపురంలోనో కర్నూలులోనో కడపలోనో, కింద పార్కింగ్‌లో కంపెనీ లీజు మీద తీసుకున్న కారు. మన వైపు ఇలాంటివాళ్లు బోలెడుమంది. రెంటల్ జీతంలోంచి పన్ను లెక్క వేయకముందే కట్ అవుతుంది కాబట్టి తీసుకునేటప్పుడు అందరికీ హాయిగానే ఉంటుంది, మధ్యలో ఉద్యోగం మారాలన్నా ఊరికి వచ్చేయాలన్నా అప్పుడు మొదలవుతుంది టెన్షన్. అందుకే అసలు మాట ముందే చెప్పేస్తా: రిజైన్ మెయిల్ పెట్టకముందే ఫోర్‌క్లోజర్ కొటేషన్, అంటే లీజును గడువుకు ముందే మూసేస్తే ఎంత కట్టాలో చూపే లెక్క, రాతపూర్వకంగా తెప్పించుకోండి. రిజైన్ చేశాక మీ చేతిలో ఉండేది నోటీస్ పీరియడ్ ఒక్కటే, ఆ లోపు మీరేమీ తేల్చకపోతే వాళ్లు వేసిన లెక్కే ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌లో కోసేస్తారు, ఆ తర్వాత మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి.

ఈ లీజులో ముగ్గురు ఉంటారు. కారు సొంతదారు లీజు కంపెనీ, దాన్ని అద్దెకు తీసుకున్నది మీ కంపెనీ, నడుపుకునేది మీరు. చాలా లీజుల్లో ఆర్సీ మీద మీ పేరే ఉండదు. అందుకే లీజు కంపెనీకి మీరు నేరుగా ఫోన్ చేస్తే "మీ హెచ్‌ఆర్ నుంచి రిక్వెస్ట్ రావాలి సార్" అంటారు, హెచ్‌ఆర్‌ని అడిగితే "వెండర్‌తో మాట్లాడండి" అంటారు. ఈ బంతాట తప్పాలంటే ఇద్దరినీ ఒకే మెయిల్‌లో పెట్టాలి. దానికంటే ముందు, కారు తీసుకున్న రోజు మీరు చదవకుండా సంతకం పెట్టిన అండర్‌టేకింగ్, కంపెనీ కార్ పాలసీ రెండూ వెతికి తీయండి. వాటిలో చూడాల్సినవి: లాకిన్ పీరియడ్ (లీజు ఆపకూడని కనీస కాలం) ఉందా, ఫోర్‌క్లోజర్ చార్జీ ఎంత శాతం, ఆ శాతం దేని మీద (మిగిలిన అసలు మీదా, మిగిలిన రెంటల్స్ మొత్తం మీదా, రెండింటికీ చాలా తేడా), కంపెనీయే మిమ్మల్ని తీసేస్తే ఆ భారం ఎవరిది, ఏడాదికి ఎన్ని కిలోమీటర్ల పరిమితి.

మెయిల్ పొడుగ్గా అక్కర్లేదు. "ఫలానా నంబరు కారు లీజును ఫలానా తేదీకి, అలాగే దాని తర్వాతి నెల అదే తేదీకి క్లోజ్ చేస్తే ఎంత అవుతుందో రెండు కొటేషన్లు ఇవ్వండి. మిగిలిన అసలు, రెసిడ్యువల్ వాల్యూ, ఫోర్‌క్లోజర్ చార్జీ, జీఎస్టీ విడివిడిగా చూపించండి. కారు నేను కొనుక్కుంటే ఎంత, వెనక్కి ఇచ్చేస్తే ఎంత, రెండూ కావాలి." ఇంతే. రిజైన్ చేస్తున్నానని ఇక్కడ చెప్పాల్సిన పని లేదు, కొటేషన్ అడగడానికి కారణం ఎందుకు?

ఇప్పుడు లెక్క. మనవాళ్లు ఎక్కువమంది చేసేది నెల రెంటల్‌ని మిగిలిన నెలలతో గుణించడం. నెలకి 25 వేలు, ఇంకా 20 నెలలు ఉన్నాయనుకోండి, 5 లక్షలు అని గుండె పట్టుకుంటారు. ఆ లెక్క రెండు వైపులా తప్పే. ఆ 25 వేలల్లో ఇంకా రాని నెలల వడ్డీ ఉంది, ప్యాకేజీ లీజైతే రాబోయే ఏళ్ల ఇన్సూరెన్స్, సర్వీసింగ్ కూడా ఉన్నాయి, అవేవీ మీరు వాడుకోలేదు కాబట్టి తీసేయమని అడగాలి. ఇంకోవైపు, గడువు చివర్లో కారు కొనుక్కోవాలంటే కట్టాల్సిన రెసిడ్యువల్ వాల్యూ ఆ 5 లక్షల్లో అసలు లేనే లేదు. అది పైన వచ్చి పడుతుంది.

జీఎస్టీ లైన్ దగ్గర కాస్త ఆగి చూడండి. లీజు రెంటల్ మీద జీఎస్టీ రేటు ఆ కారు మీద ఉండే రేటే. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద, అంటే పొడవు 4 మీటర్ల లోపు ఉండి ఇంజిన్ పెట్రోల్‌కి 1200 సీసీ, డీజిల్‌కి 1500 సీసీ మించనివాటి మీద, అది 18 శాతానికి దిగింది, సెస్సు పోయింది. ఆ తేదీ తర్వాతి రెంటల్స్‌లో పాత రేటే కట్ అయిందేమో పేస్లిప్పులు తీసి చూడండి, అయితే ఆ తేడా ఇప్పుడే అడగండి. ఇక పాత కారు మీకు అమ్మేటప్పుడు వేసే జీఎస్టీ వేరు: లీజు కంపెనీ ఆ కారు మీద ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకోవడం) తీసుకోకపోతే 18 శాతం పడేది అమ్మకం మార్జిన్ మీదే, అంటే అమ్మిన ధరకీ లెక్కల్లో తరుగు పోగా మిగిలిన విలువకీ ఉన్న తేడా మీదే, మొత్తం ధర మీద కాదు. మొత్తం మీద వేసుంటే ఎందుకని అడగండి.

కొత్త కార్ల ధర తగ్గాక పాత కార్ల ధరా తగ్గింది కదా, కొటేషన్ మాత్రం తగ్గదు, ఎందుకంటే అది మీరు పాత ధరకు తీసుకున్న కారు లెక్క. కాబట్టి ఇప్పటిదాకా ఎంత కట్టామన్నది పక్కన పెట్టి, అదే మోడల్, అదే సంవత్సరం కారు ఈరోజు బయట ఎంత పలుకుతోందో కనుక్కోండి. కొటేషన్ దానికంటే తక్కువైతే కొనడమే మేలు, కావాలంటే తర్వాత అమ్ముకోవచ్చు. ఎక్కువైతే ఎంత ఎక్కువ అన్నది చూడాలి, వెనక్కి ఇచ్చినా పెనాల్టీ తప్పదు కాబట్టి ఆ పెనాల్టీతో పోల్చుకోవాలి. ఇంత సొంతంగా వాడిన కారును వేరేవాళ్లకి ఇవ్వడమేంటి అని సెంటిమెంటుతో కొనేవాళ్లను చూశాను, అది వాళ్లిష్టం, కానీ దానికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టడం నాకైతే నచ్చదు.

తేదీ ఎందుకు రెండు అడగమన్నానంటే పన్ను వల్ల. కారు మీ కంపెనీ ఆస్తిగా ఉండి మీకు తక్కువ ధరకి ఇస్తే, ఆ తేడా మీ జీతంలో పెర్క్విజిట్‌గా, అంటే పన్ను పడే అదనపు సౌకర్యంగా కలుస్తుంది. 1962 ఆదాయపన్ను నిబంధనల్లో కారు విలువను పూర్తయిన ప్రతి సంవత్సరానికి 20 శాతం చొప్పున, తగ్గిన విలువ మీద మళ్లీ తగ్గిస్తూ వస్తారు. 10 లక్షల కారు ఒక ఏడాది నిండితే 8 లక్షలు, రెండేళ్లు నిండితే 6.4 లక్షలు. "పూర్తయిన" అన్నదే ఇక్కడ కీలకం. 23వ నెలలో క్లోజ్ చేసి 6 లక్షలకి కొంటే 2 లక్షలకు పన్ను, అదే ఇంకో నెల ఆగి 24 నిండాక అదే 6 లక్షలకి కొంటే 40 వేలకే పన్ను. 30 శాతం స్లాబులో ఉన్నవాళ్లకి ఇది చిన్న మొత్తం కాదు. లీజు కంపెనీ నుంచి నేరుగా కొంటే దీన్ని పెర్క్విజిట్‌గా చూస్తారా లేదా అన్నది పేరోల్‌ వాళ్లతో మెయిల్‌లోనే తేల్చుకోండి. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది కాబట్టి ఈ ఏడాదికి వర్తించే అంకెలు కూడా వాళ్లనే అడగండి.

ఇంకొకటి, కంపెనీ మారకుండా లీజు మాత్రమే ఆపేవాళ్లకి: రెంటల్‌గా పోయే డబ్బు మళ్లీ స్పెషల్ అలవెన్స్‌గా జీతంలోకి వస్తుంది, దాని మీద పన్ను పడుతుంది. ఆ 25 వేలకి 30 శాతం స్లాబులో సెస్‌తో కలిపి 7,800 టీడీఎస్‌కి పోతుంది. చేతికి పూర్తి 25 వేలు వస్తాయని లెక్కేసుకుని ఇంటి లోన్ ఈఎంఐ పెంచుకోకండి. ఇప్పటిదాకా ఆదా అయిన పన్ను మాత్రం ఎవరూ వెనక్కి అడగరు.

కొనడం, ఇచ్చేయడం కాకుండా మూడో దారి ఒకటుంది, జనం దాన్ని అడగనే అడగరు. కొత్త కంపెనీకి కూడా అదే లీజు కంపెనీతో ఒప్పందం ఉంటే లీజును అటు మార్చుకోవచ్చు, పెనాల్టీ తగ్గుతుంది లేదా అసలు ఉండదు. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అక్కడి హెచ్‌ఆర్‌ని అడగండి, మీ మాటకి విలువ ఉండేది అప్పుడే. లేదంటే పాత కంపెనీలోనే ఎవరైనా కొలీగ్ ఆ కారు, ఆ రెంటల్ తీసుకుంటాడేమో చూడండి.

వెనక్కి ఇచ్చేయాలనుకుంటే కిలోమీటర్లు చూసుకోండి. బెంగళూరు నుంచి అనంతపురం ఒక వైపు దాదాపు 210 కిలోమీటర్లు, ప్రతి శనివారం ఇంటికి వచ్చి వెళ్తే ఏడాదికి 20 వేలు దాని మీదే దాటుతాయి. లీజులో 15 వేల పరిమితి ఉంటే ఎక్కువ తిరిగిన ప్రతి కిలోమీటరుకి బిల్లు వేస్తారు. ఇక తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి ఫోన్ టార్చ్ వేసుకుని డోరు పక్కన వంగి వంగి చూస్తాడు. పల్లె దారుల్లో రెండు వైపులా కంపచెట్లు గీసిన సన్నటి గీతలు మామూలుగా కనపడవు, ఆ వెలుతురులో అన్నీ కనపడతాయి. అవి అరుగుదలా డ్యామేజీయా అన్నది పాలసీలో రాసి ఉంటుంది, రబ్బింగ్ పాలిష్‌తో పోయేవి ముందే బయట చేయించుకోవడం చవక. అప్పగించేటప్పుడు నాలుగు వైపులా, ఓడోమీటరు కనపడేలా వీడియో తీసి, సంతకంతో హ్యాండోవర్ కాగితం తీసుకోండి. రెండో తాళంచెవి మర్చిపోకండి, దానికీ వసూలు చేస్తారు.

కొన్నారనుకోండి, అప్పుడు ఆర్టీవో పని. డబ్బు మొత్తం కట్టేసే ముందే లీజు కంపెనీ ఏ కాగితాలు ఎన్ని రోజుల్లో ఇస్తుందో రాయించుకోండి: సేల్ ఇన్‌వాయిస్, పేరు మార్పుకి ఫారం 29 రెండు కాపీలు, ఫారం 30, ఆర్సీ మీద ఫైనాన్స్ లేదా లీజు ఎంట్రీ ఉంటే దాన్ని తీసేయడానికి ఫారం 35. కేఏ (కర్ణాటక) నంబరు బండిని మన ఆంధ్రాకి మార్చాలంటే వీటితో పాటు ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) కోసం ఫారం 28, దాని మీద చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర. బెంగళూరులోనే ఉంటూ వారాంతాలకి వచ్చిపోయేవాళ్లకి నంబరు మార్చాల్సిన పని లేదు, కారు వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటేనే ఆ నిబంధన. ఊరికి పూర్తిగా వచ్చేస్తే మాత్రం ఇక్కడ కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొటేషన్‌తో పాటు ఈ ఖర్చు కూడా కలుపుకునే కొనాలో వద్దో తేల్చుకోండి. కర్ణాటకలో కట్టిన ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు, కానీ ఆ ట్యాక్స్ కట్టింది లీజు కంపెనీ పేరు మీద కాబట్టి రీఫండ్ మీకే చెందుతుందని వాళ్ల నుంచి లెటర్ తీసుకోండి.

పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. థర్డ్ పార్టీ కవర్ దానంతటదే మీకు మారుతుంది, సొంత డ్యామేజీ కవర్ మారదు. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) కారుది కాదు, పాలసీదారుది, అంటే ఇన్నాళ్లూ క్లెయిమ్ చేయకపోయినా అది లీజు కంపెనీతోనే ఉండిపోతుంది, ప్రీమియం ఎక్కువ వచ్చిందని ఏజెంటు మీద అరవకండి. పాత ఫాస్టాగ్ కంపెనీ ఖాతాకి కట్టి ఉంటే దాన్ని మూయించి మీ పేరు మీద కొత్తది తీసుకోండి. అది చేయకుండా బయలుదేరితే అనంతపురం దారిలో మరూరు టోల్ గేటు దగ్గర బ్లాక్‌లిస్ట్ అని చూపించి మామూలు కంటే ఎక్కువ కట్టించుకుంటారు.