కీమోకు ముందే వండి ఫ్రీజర్‌లో పెట్టుకోవడం: నా అనుభవం

కీమోకి (క్యాన్సర్ మందుల చికిత్సకి) శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లొచ్చాక పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఉండదు. అందుకే ముందే వండి ఉంచుకోవాలి. చెడేది ఎక్కువగా చల్లార్చడంలోనే. పెద్ద గిన్నెడు పప్పు నడిమధ్య గంటలకొద్దీ గోరువెచ్చగానే ఉండి సూక్ష్మజీవులు పెరుగుతాయి. గిన్నెను చన్నీళ్ల బేసిన్‌లో పెట్టి కలుపుతూ ఆర్చి, పూటకి 250 మిల్లీలీటర్ల చొప్పున డబ్బాల్లో పోసి, వండిన 2 గంటల్లోపు మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లోకి చేర్చాలి. పైన అంగుళం ఖాళీ వదలండి, లేకుంటే గడ్డకట్టి మూత లేస్తుంది. తేదీ రాయండి.

ముద్దపప్పు, ఇడ్లీ, పప్పుచారు బాగా నిలుస్తాయి. బంగాళాదుంప ఇసకలా అవుతుంది, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరే. తాలింపు తినేముందే పెట్టుకుంటే కమ్మగా ఉంటుంది.

ఇక కరెంటు. 2018 తిత్లీ తుపానుకి మా జిల్లాలోని ఉద్దానం వైపు రోజుల తరబడి లేదు కదా! కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లోనే ఉంచండి. బిళ్ల అడుక్కి దిగిందంటే అంతా కరిగి మళ్లీ గట్టిపడిందన్నమాట. వాసన బాగానే ఉన్నా ఆ తిండి పారేయండి; కీమోతో, రోగాలతో పోరాడే తెల్లకణాలు తగ్గిన ఒంటికి ఆ పరీక్ష పెట్టకూడదు.

తినబోయే డబ్బాను ముందురాత్రి ఫ్రిజ్ కింది అరలోకి దింపి, మర్నాడు పొగలు కక్కేలా మరిగించాలి. మిగిలింది మళ్లీ గడ్డకట్టించవద్దు.