వేటని ఫొటో తీయడం ఎలా? ముందు జింకల్ని చూడండి

అడవిలో పులి కనపడగానే అందరూ కెమెరా దాని మొహం మీద పెట్టేసి ఇంక కదలరు, కానీ మీకు వేట ఫొటో కావాలంటే కళ్ళు ఎక్కువసేపు ఉండాల్సింది జింకల మీద.

1. దుప్పుల గుంపు దగ్గర ఆగండి. మేస్తున్న వాటిలో ఒకటి టక్కున తలెత్తి, చెవులు రెండూ ఒకే వైపు తిప్పి, తోక పైకి లేపి, ముందుకాలితో నేలని టపటపా కొడుతోందంటే ఏదో పసిగట్టిందన్నమాట. దానికి తోడు చెట్టు మీద కొండముచ్చు కూడా అరిచిందంటే ఇంక ఆలోచించకుండా అవి చూస్తున్న వైపే కెమెరా తిప్పండి.

2. సెట్టింగ్స్ ముందే పెట్టుకోండి, పరుగు మొదలయ్యాక టైమ్ ఉండదు. షట్టర్ స్పీడ్ 1/2000 సెకను లేదా ఇంకా ఫాస్ట్, ఆటో ఐఎస్‌ఓ (వెలుతురుని బట్టి సెన్సిటివిటీని కెమెరానే మార్చుకుంటుంది), కంటిన్యువస్ ఫోకస్ (కదిలే జంతువుని ఫోకస్ వెంటాడుతూనే ఉంటుంది), బర్స్ట్ మోడ్ (బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫొటోలు పడతాయి). చీతా గంటకి దాదాపు 100 కిలోమీటర్ల స్పీడ్ అందుకుంటుంది మరి. ఐఎస్‌ఓ పెరిగి ఫొటోలో గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా) వస్తే తర్వాత కొంత తగ్గించుకోవచ్చు, షేక్ అయిన ఫొటోని మాత్రం ఏం చేయలేం.

3. జూమ్ కాస్త వెనక్కి లాగండి. తరిమేదీ పరిగెత్తేదీ రెండూ ఫ్రేమ్‌లో ఉంటేనే అది వేట, అందుకే నాకైతే జూమ్ మార్చడానికి వీల్లేని 600 ఎంఎం ప్రైమ్ లెన్స్ కన్నా 100-400 ఎంఎం జూమ్ లెన్సే నయం అనిపిస్తుంది. పరిగెత్తే జంతువు ముందు కొంచెం ఖాళీ వదలండి.

4. ప్రాక్టీస్‌కి పులే అక్కర్లేదు, చెరువు గట్టు చాలు. లకుముకి పిట్ట మళ్ళీమళ్ళీ అదే కొమ్మ మీదకి వస్తుంది కాబట్టి ఫోకస్ ముందే అక్కడ పెట్టుకుని కూర్చోవచ్చు. చేపని కొమ్మకేసి బాది, తల వైపు నుంచి మింగుతుంది. చేప తల ముక్కు బయటికి ఉండేలా పట్టుకుందంటే మాత్రం అది తనకి కాదు, జంటకో పిల్లలకో తీసుకెళ్తోంది. ఈ ఫొటో దొరికితే నాకు పులి దొరికినంత ఆనందం!

5. పులి పొంచి ఉన్నప్పుడు బండి కదపొద్దు, ఇంజిన్ ఆపేయండి, పులికీ జింకకీ మధ్యలోకి అస్సలు వెళ్ళొద్దు. మనవల్ల జింక దొరికిపోయినా తప్పే, పులి పస్తున్నా తప్పే. ఎర వేసి రప్పించడం, అరుపులు ప్లే చేయడం దయచేసి చేయకండి.

6. పట్టేసింది కదా అని కెమెరా దించేయకండి. చీతా చాలాసార్లు వెంటనే తినదు, ఆయాసం తీరేదాకా రొప్పుతూ, సింహాలో హైనాలో వచ్చి లాక్కుంటాయేమో అని చుట్టూ చూస్తూనే ఉంటుంది. అప్పుడు షట్టర్ 1/800 కి తగ్గించి దాని కళ్ళ మీద ఫోకస్ పెట్టండి.