మిత్రులతో లండన్‌లో ఒక్కరోజు: విడిపోయి, మళ్ళీ కలుసుకుని, రైలు అందుకోవడం ఎలా?

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళ నుంచి చదువుకోసం ఇంగ్లండు వెళ్ళిన పిల్లలు మొదటి సెలవు దొరకగానే నలుగురైదుగురు కలిసి లండన్ చూడటానికి బయలుదేరతారు. వారిలో చాలామంది సాయంత్రానికి కాళ్ళ నొప్పులతో, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా తిరిగి వస్తారు. చూడవలసినవి లేక కాదు, పది చోట్ల పేర్లు రాసుకుని పరుగెత్తడం వల్ల, మధ్యలో విడిపోయి గంటల తరబడి ఒకరికోసం ఒకరు వెతుక్కోవడం వల్ల ఇలా జరుగుతుంది. లెస్టర్‌లో చదువుకున్న రెండేళ్ళలో తోటివారిని, ఆ తరువాత చదువుకు వచ్చిన మా ఊరి పిల్లలను నేను ఎన్నోసార్లు లండన్ తీసుకువెళ్ళి తీసుకువచ్చాను. ఆ అనుభవంతో, లెస్టర్ నుంచి వెళ్ళి అదే రాత్రికి తిరిగి వచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. వేరే ఊరి నుంచి వెళ్ళేవారు స్టేషను పేరు మార్చుకుంటే సరిపోతుంది.

వెంట ఉండవలసినవి

అలవాటైన బూట్లు, వాన ఆపే పైకోటు, నీళ్ళ సీసా, పవర్ బ్యాంకు, ఒక కాగితం, ఒక కలం. మధ్యాహ్నానికి పులిహోర కలుపుకుని వెళ్ళాలి, పెరుగన్నం వద్దు. ప్రతి ఒక్కరి దగ్గర సొంత కాంటాక్ట్‌లెస్ కార్డు ఉండాలి, ఎందుకంటే మెట్రోలో ఒకే కార్డు మీద ఇద్దరు ప్రయాణించడానికి వీలులేదు. లోపలికి వెళ్ళేటప్పుడు తాకించిన కార్డునే బయటికి వచ్చేటప్పుడు కూడా తాకించాలి. వెళ్ళేటప్పుడు కార్డు, వచ్చేటప్పుడు అదే కార్డు ఉన్న ఫోను తాకిస్తే యంత్రం వాటిని రెండు వేర్వేరు కార్డులుగా లెక్కించి ఎక్కువ సొమ్ము పట్టుకుంటుంది. బస్సులలో 2014 నుంచి నగదు తీసుకోవడం లేదు.

బృందంలో ఆరుగురికి మించి ఉండరాదు. ఏడో మనిషి వస్తానంటే రెండు బృందాలుగా వెళ్ళాలి.

రోజును, రైలును ఎంచుకోవడం

ఆదివారం వెళ్ళకండి. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాలలోనే పెట్టుకుంటారు, రైలుకు బదులు బస్సు ఎక్కవలసి వస్తే సగం పూట దారిలోనే గడిచిపోతుంది. శుక్రవారం తరగతులు లేని వారం చూసుకోవాలి. ఆరోజు బ్రిటిష్ మ్యూజియమూ నేషనల్ గ్యాలరీ రాత్రి దాకా తెరిచి ఉంటాయి కనుక, ఉదయం రైలు ఆలస్యమైనా రోజు పాడుకాదు. లెస్టర్ నుంచి సెయింట్ పాంక్రస్ స్టేషనుకు గంటకు కొంచెం పైగా పడుతుంది, 9 గంటలలోపు అక్కడ దిగే రైలు ఎక్కాలి. విద్యార్థులకు దొరికే రైల్‌కార్డుతో ఛార్జీలో మూడోవంతు తగ్గుతుంది గాని, పనిదినాలలో ఉదయం 10 గంటలలోపు ప్రయాణాలకు దాని మీద కనీస ఛార్జీ షరతు ఉంది, చదువుకుని కొనండి. ముందుగా చౌకగా కొన్న అడ్వాన్స్ టికెట్టు దాని మీద ముద్రించిన ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, కింద దీనితో పని ఉంది.

చూడవలసినవి మూడే

ఒక రోజుకు మూడు చోట్లు, అంతకు మించి వద్దు. పైకప్పు లేని టూరిస్టు బస్సు ఎక్కి అన్నీ చూశామనుకునేవారు నిజానికి భవనాల పైఅంతస్తులు మాత్రమే చూస్తారు, ఆ డబ్బుతో రెండు పూటలు భోంచేయవచ్చు. లండన్ టవర్ లోపలికి వెళ్ళాలని చాలామందికి ఉంటుంది, కృష్ణా తీరపు గనులలో దొరికిందని చెప్పే కోహినూరు అక్కడే ఉంది కాబట్టి ఆ కోరిక సహజమే. కాని టికెట్టు 30 పౌండ్లు దాటుతుంది, లోపల సగం రోజు పడుతుంది. దానికి వేరే రోజు పెట్టుకోండి.

నా మూడు ఇవి: ఉదయం బ్రిటిష్ మ్యూజియం, మధ్యాహ్నం ట్రఫాల్గర్ స్క్వేర్, సాయంత్రం గ్రీనిచ్ కొండ.

సెయింట్ పాంక్రస్ నుంచి మ్యూజియానికి రస్సెల్ స్క్వేర్ మీదుగా నడిచి వెళ్ళాలి, అరగంట కూడా పట్టదు. ప్రవేశం ఉచితం, అయినా సమయం వేసిన ఉచిత టికెట్టును ముందే తీసుకోవాలి. ద్వారం 10 గంటలకు తెరుస్తారు. అందరూ మొదట ఈజిప్టు నుంచి తెచ్చిన పేరుపొందిన శాసనం రొజెట్టా శిల దగ్గరికే పోతారు కనుక మీరు తెరవగానే దానిని చూసేసి, నేరుగా 33ఎ గదికి వెళ్ళండి. అమరావతి స్తూపం శిల్పాలు అక్కడ ఉన్నాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ చూసిన దిబ్బ అది, 1845లో మద్రాసు ప్రభుత్వ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. మన పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఏనుగులనూ, పూర్ణఘటాలనూ అంత దూరంలో చూసినప్పుడు తెలుగు పిల్లలు ఎవరూ తొందరగా కదలరు, కదలమని నేను ఎన్నడూ తొందరపెట్టలేదు. ఆ గదిని అప్పుడప్పుడు మూసి ఉంచుతారు, అందుచేత ముందురోజే మ్యూజియం వెబ్‌సైటులో చూసుకోవాలి. 12:30కు బయటపడి, దగ్గరలోని ఏదైనా తోటలో పులిహోర తిని, ట్రఫాల్గర్ స్క్వేర్‌కు నడవండి.

విడిపోవడం, కలుసుకోవడం

ఈ రోజు మొత్తంలో చెడేది ఈ ఒక్క దశ. దీనికి మాత్రం శ్రద్ధ పెట్టండి.

మధ్యాహ్నానికి ఐదుగురికి ఐదు కోరికలు పుడతాయి. ఒకరికి నేషనల్ గ్యాలరీలో చిత్రాలు చూడాలని, ఒకరికి కోవెంట్ గార్డెన్‌లో దుకాణాలు తిరగాలని, ఇంకొకరికి మెట్ల మీద కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేయాలని ఉంటుంది. అందరినీ ఒకే చోటికి లాక్కుపోతే ఎవరికీ తృప్తి ఉండదు, కాబట్టి గంటన్నర పాటు విడిపోవలసిందే. విడిపోవడం సులభం. కలుసుకునే ఏర్పాటు చేసుకోకుండా, ‘ఫోన్లు ఉన్నాయి కదా’ అనుకుని విడిపోవడం తప్పు.

ఫోను మీద ఆధారపడరాదు. చలిలో బ్యాటరీ త్వరగా పడిపోతుంది, పొద్దుటినుంచి ఫొటోలు తీసిన ఫోను మధ్యాహ్నానికే కొడిగడుతుంది, రాతి గోడల భవనాలలోనూ భూగర్భంలోనూ సిగ్నలు నమ్మకంగా దొరకదు, బృందంలో ఒకరికి డేటా అయిపోయి ఉంటుంది. ఫోనులో లొకేషన్ పంచుకుంటే చాలని ఈమధ్య పిల్లలు నాతో వాదిస్తున్నారు. ఆ చుక్క మనిషి ఏ అంతస్తులో ఉన్నాడో చెప్పదు, పైగా ఆ చుక్క వెంట నడుస్తున్నవాడు కదులుతూ ఉంటాడు, ఆ చుక్క గలవాడూ కదులుతూ ఉంటాడు. నిలబడి ఉన్న స్థలం మాత్రం కదలదు.

ఆ స్థలాన్ని ఎంచుకోవడంలోనే తెలివి అంతా ఉంది. అటువంటిది ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉండాలి. ‘సింహం దగ్గర’ అంటే చాలదు, ట్రఫాల్గర్ స్క్వేర్ మధ్యనున్న నెల్సన్ స్తంభం చుట్టూ నాలుగు సింహాలున్నాయి, ఒకదాని దగ్గర నిలబడినవారికి ఎదురుగా ఉన్నది కనిపించదు. ‘మ్యూజియం గేటు’ అంటే చాలదు, బ్రిటిష్ మ్యూజియానికి గ్రేట్ రస్సెల్ స్ట్రీట్ వైపు ఒకటి, వెనుక మాంటెగ్యూ ప్లేస్ వైపు ఒకటి, రెండు ప్రవేశాలున్నాయి. ‘స్టేషను బయట’ అన్నది అన్నిటికన్నా చెడ్డది, పెద్ద మెట్రో స్టేషన్లకు అన్ని వైపులా మెట్లుంటాయి. వాన పడితే తలదాచుకోవడానికి పైన కప్పు ఉండాలి, గంటసేపు నిలబడినా ఎవరూ పొమ్మనని చోటై ఉండాలి. ఈ లెక్కలన్నిటికీ సరిపోయేది ట్రఫాల్గర్ స్క్వేర్ ఈశాన్య మూలన 1726లో పూర్తయిన సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్ చర్చి ముందరి స్తంభాల మంటపం. నేను వేరే చోటు పెట్టుకోను, మీరూ పెట్టుకోవద్దు.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మొదటి ఏడాది అక్టోబరులో ఐదుగురం మ్యూజియంలో విడిపోయి ‘ఒంటిగంటకు గేటు దగ్గర’ అనుకున్నాం. నలుగురం ముందు వైపు నిలబడ్డాం. బరంపురం నుంచి వచ్చిన మా స్నేహితురాలు వెనుక వైపు నిలబడింది. ఆమె ఫోను ఆగిపోయింది. మాలో ఇద్దరు వెతకడానికి లోపలికి వెళ్ళారు, తిరిగి వచ్చేసరికి ఆమె వారికోసం లోపలికి వచ్చి ఉంది. ఇలా రెండున్నర గంటలు గడిచాయి. మిగిలిన వేళను తొందరలో ఎలాగో సర్దుకోబోయి సాయంత్రం రైలు అందుకోలేకపోయాం, ఐదు అడ్వాన్స్ టికెట్లూ వృథా అయ్యాయి, అప్పటికప్పుడు కొన్న టికెట్లకు ఒక్కొక్కరికి ఆ నెల సరుకుల ఖర్చంత అయింది. డబ్బు సంగతి మరిచిపోయాను గాని, చలిలో ఒంటరిగా నిలబడి ఏడ్చిన ఆ అమ్మాయి ముఖాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇంటికి వచ్చాక ఆలోచిస్తే, మా పెద్దవాళ్ళకు ఈ విద్య ఎప్పుడో తెలుసుననిపించింది. చైత్ర జాతరకు రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి వెళ్ళినప్పుడు మా పెద్దమ్మ పిల్లలందరినీ ముందుగా ఒక కొబ్బరికాయల దుకాణం ముందుకు తీసుకువెళ్ళి నిలబెట్టి, ‘చెయ్యి జారిపోతే మాకోసం వెతకొద్దు, ఇక్కడికే వచ్చి నిలబడు, నేనే వస్తాను’ అనేది. అందులో మూడు నియమాలున్నాయి. వాటినే లండన్‌కు అన్వయించాను.

మొదటిది, విడిపోవడానికి ముందు అందరూ కలిసి ఆ స్థలానికి నడిచి వెళ్ళి, అక్కడ నిలబడి, చుట్టూ చూడాలి. పటంలో వేలుపెట్టి చూపిస్తే చాలదు. కాళ్ళు ఒకసారి నడిచిన దారి మనసుకు గుర్తుంటుంది. రెండవది, వెతకరాదు. రానివారిని వెతకడానికి ఒకరు వెళ్తే తప్పిపోయినవారు ఇద్దరవుతారు. తప్పిపోయిన మనిషే స్థలానికి రావాలి, స్థలంలో ఉన్నవారు కదలరాదు. మూడవది, ఎవరూ ఒంటరిగా తిరగరాదు, జంటలుగానే విడిపోవాలి.

వీటికి నేను చేర్చినది వేళల లెక్క. కాగితం మీద మూడు వాక్యాలు రాసి ప్రతి ఒక్కరి కోటు జేబులో పెట్టండి. 3 గంటలకు చర్చి మంటపం. 3:15 దాకా ఎదురుచూసి, మిగిలినవారు ముందుకు సాగుతారు. అప్పటికీ రాలేకపోయినవారు రాత్రి 7:45కు సెయింట్ పాంక్రస్ పైఅంతస్తులో పెద్ద గడియారం కింద కలుస్తారు. ఆ గడియారం కింద 2007లో నిలబెట్టిన 9 మీటర్ల కంచు విగ్రహం ఉంది, కౌగిలించుకున్న స్త్రీపురుషులది. దాని పేరే ‘కలుసుకునే చోటు’ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట. అంతకన్నా తేలికైన గుర్తు ఆ నగరంలో మరొకటి లేదు. చివరగా, రైలు టికెట్లన్నీ ఒకరి ఫోనులో ఉంచకుండా ఎవరి టికెట్టు వారి దగ్గరే ఉంచాలి.

15 నిమిషాల తరువాత స్నేహితుణ్ణి వదిలి వెళ్ళడం కఠినమని కొందరు నన్ను తప్పుపట్టారు. వదిలివెళ్ళడం లేదు, అతనికి జేబులో రెండో చోటు రాసి ఇచ్చాం. తనకోసం నలుగురూ చలిలో నిలబడి ఉంటారన్న భయం లేనందువల్ల అతను కూడా కంగారుపడకుండా తన దారిన వస్తాడు.

గ్రీనిచ్, తిరుగు ప్రయాణం

మంటపం నుంచి ఎంబాంక్‌మెంట్ రేవుకు పది నిమిషాల నడక, అక్కడ గ్రీనిచ్ వెళ్ళే పడవ ఎక్కాలి. ఛార్జీ మెట్రో రోజువారీ పరిమితిలో కలవదు, అయినా ఇవ్వండి, 1894లో కట్టిన టవర్ బ్రిడ్జి కింద నుంచి వెళ్ళడం దాని పైన నడవడం కన్నా బాగుంటుంది. కొండ మీద ఉన్న అబ్జర్వేటరీ (పాత నక్షత్రశాల) ఆవరణలో గీసిన సున్నా డిగ్రీల రేఖాంశం మీద నిలబడాలంటే టికెట్టు ఉంది, సాయంత్రం త్వరగా మూస్తారు కూడా. కొండ మీది నుంచి నగరాన్ని చూడటం ఉచితం.

జయపురం పిల్లలను నేను అక్కడికి తీసుకువెళ్ళడానికి ఒక కారణం ఉంది. భారత ప్రామాణిక కాలాన్ని 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద లెక్కిస్తారు, ఆ రేఖ జయపురానికి కొద్ది కిలోమీటర్ల పడమరగా పోతుంది. ఒక్కో గంటకు 15 డిగ్రీల చొప్పున లెక్కవేస్తే మన ఊరికీ ఈ కొండకూ మధ్య సూర్యుని లెక్కలో దాదాపు ఐదున్నర గంటలు. ఆ రేఖ దగ్గర ఫోనులో సున్నా డిగ్రీలు కనిపించకపోతే ఫోను పాడైందనుకోవద్దు, ఉపగ్రహాలు లెక్కించే రేఖ పాత రేఖకు 102 మీటర్ల తూర్పున ఉంది.

నవంబరు నుంచి జనవరి వరకు 4, 5 గంటల మధ్యే చీకటి పడుతుంది, పార్కు కూడా త్వరగా మూస్తారు. ఆ నెలల్లో ఉదయమే గ్రీనిచ్ వెళ్ళి, మ్యూజియాన్ని శుక్రవారం సాయంత్రానికి మార్చుకోవాలి, చర్చి మంటపం మాత్రం 3 గంటలకే ఉంచాలి.

కొండ దిగి 6:30కు కట్టీ సార్క్ స్టేషనులో రైలెక్కి, బ్యాంక్ స్టేషనులో నార్తర్న్ లైనుకు మారి, కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రస్‌లో దిగండి. ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. ఎస్కలేటరు మీద కుడిపక్కన నిలబడండి. తిరుగు రైలు 8:15కు ముందుది కొనకండి. నేరుగా పైఅంతస్తుకు వెళ్ళి, గడియారం కింద నిలబడి తలలు లెక్కపెట్టండి. అందరూ ఉన్నారని తేలాకే టీ కొనుక్కోవడానికి ఒకరిని పంపండి, మిగిలినవారు అక్కడే నిలబడి ఉండండి.