అంతరిక్ష ఫాంటసీ నవలపై యువ పాఠకుల స్పందనలను సేకరించడం ఎలా?

పిల్లల చేత నవల చదివించి, చివరి పుట మూసిన తరువాత "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్" అన్న ఒక్క మాటే వస్తుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతూ, తొమ్మిది, పది తరగతుల పిల్లలు 12 మందితో ఒక అంతరిక్ష ఫాంటసీ నవలను 6 వారాల పాటు చదివించినప్పుడు, మొదటి వారం నాకు దక్కింది ఆ మాటే. అందులో అబద్ధం లేదు, స్పందన కూడా లేదు. చదివించిన మనిషిని నొప్పించకూడదన్న మర్యాద మాత్రమే ఉంది. చదువుతున్నప్పుడు పాఠకుడి మనసులో కలిగిన కదలికను అది కలిగిన పుట దగ్గరే పట్టుకోవాలి, లేకపోతే మరునాటికి అది అభిప్రాయంగా గడ్డకట్టి, అందరి అభిప్రాయాల్లో కలిసిపోతుంది. ఉపాధ్యాయులకూ, గ్రంథాలయాల్లో పఠన బృందాలు నడిపేవారికీ, యువ పాఠకుల కోసం రాసిన రాతప్రతిని అచ్చుకు ముందే నలుగురి చేత చదివించాలనుకునే రచయితలకూ ఉపయోగపడుతుందని ఆ 6 వారాల్లో నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

12 నుంచి 18 ఏళ్ల వయసు పాఠకుల కోసం రాసే నవలలో కథానాయకుడో నాయికో ఆ వయసువారే అయి ఉంటారు. మేము చదివిన కథలో పదహారేళ్ల అమ్మాయి, నీళ్లు చెడిపోతున్న తన గ్రహాన్ని విడిచి, ప్రాణమున్న ఒక నౌకలో మరో నక్షత్రానికి బయలుదేరుతుంది. ఆ నౌక తన శక్తిని వాడిన ప్రతిసారీ తన జ్ఞాపకాల్లో ఒకదాన్ని పోగొట్టుకుంటుంది. ఈ వ్యాసం అర్థం కావడానికి కథ ఇంతమాత్రం తెలిస్తే చాలు.

బృందంలో పదిహేను మందికి మించకుండా చూసుకోవాలి. పుస్తకాలు నాలుగే ఉన్నా ఇబ్బంది లేదు. ముగ్గురికి ఒకటి చొప్పున ఇచ్చి, వంతులవారీగా బిగ్గరగా చదివించవచ్చు. వారానికి రెండు సమావేశాలు, ఒక్కో సమావేశంలో ఇరవై, ఇరవై అయిదు పుటలు సరిపోతాయి. అధ్యాయం ముగిసిన చోట ఆపడం కంటే ఉత్కంఠ మధ్యలో ఆపడం మేలు, ఎందుకంటే అప్పుడే పిల్లలు తరువాత ఏమవుతుందో ఊహించి చెబుతారు, ఆ ఊహలే స్పందనల్లో అన్నిటికంటే విలువైనవి.

ప్రతి సమావేశం చివర అయిదు నిమిషాలు మౌనం పాటించి, తెల్లకాగితంలో నాలుగో వంతు చీటీ ఒక్కొక్కరికి ఇవ్వాలి. చీటీ మీద పేరు అడగకూడదు, పుట సంఖ్య మాత్రం తప్పనిసరిగా రాయమనాలి. ప్రశ్నలు మూడు మాత్రమే: చదువుతూ ఎక్కడ ఆగిపోయావు, ఎక్కడ గబగబా పుటలు తిప్పావు, ఎవరి మీద కోపం వచ్చింది. మూడింటిలో ఏ ఒక్కదానికి సమాధానం రాసినా సరే. నచ్చిందా, నచ్చలేదా అన్న ప్రశ్న ఎక్కడా రాకూడదు. కోపం గురించి ఎందుకు అడుగుతున్నామంటే, ఇష్టాన్ని చెప్పడానికి మాటలు వెతుక్కునే పిల్లలు కూడా కోపాన్ని తడుముకోకుండా చెబుతారు, ఆ కోపం వెంటే వాళ్లు కథలో ఎవరి పక్షాన నిలబడ్డారో బయటపడుతుంది.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. రెండో వారం చీటీల్లో అక్షర దోషాలు కనిపిస్తే, అలవాటు కొద్దీ ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇచ్చాను. "గా ముసలోడు నీళ్లు దాస్కునుడు నాకు మస్తు కోపమొచ్చింది" అని రాసిన చీటీలో "ముసలోడు" కింద గీత గీసి "వృద్ధుడు" అని రాశాను. మరుసటి సమావేశంలో పన్నెండు చీటీలూ శుభ్రమైన భాషలో వచ్చాయి, పన్నెండింటిలోనూ "ఈ అధ్యాయంలో రచయిత ప్రకృతి ప్రాముఖ్యాన్ని చక్కగా వివరించారు" వంటి పరీక్ష జవాబులే ఉన్నాయి. వాళ్ల స్పందనను నా చేతులతో నేనే తుడిచేశానని ఆ రోజు చాలా బాధపడ్డాను. మూడో వారం పిల్లలకు ఆ మాట చెప్పి, ఇంట్లో మాట్లాడినట్టే రాయమని అడిగిన తరువాత గాని ఆ చీటీలకు మళ్లీ ప్రాణం రాలేదు. కనుక చీటీలను దిద్దకూడదు, వాటికి మార్కులు వేయకూడదు, అందరి ముందూ చదివేటప్పుడు మన భాషలోకి మార్చి చదవకూడదు.

నవల మధ్యలో చదవడం మానేసినవారిని వెనుకబడినవారిగా చూడకుండా, వారితో విడిగా కూర్చోవాలి. మా బృందంలో ఒక అబ్బాయి 31వ పుట దగ్గర పుస్తకం పక్కన పెట్టాడు. కారణం అడిగితే చాలాసేపు మాట్లాడలేదు, చివరికి "గా పిల్ల గా ముసలాయనకు ఏమైతది సార్? అది చెప్తలేడు" అన్నాడు. మొదటి 30 పుటల్లోనే తొమ్మిది కొత్త పేర్లు, అన్నీ నోరు తిరగనివి, వచ్చి పడ్డాయి. వారిలో ఎవరికి ఎవరు ఏమవుతారో రచయిత ఎక్కడా చెప్పలేదు. మన పిల్లలు ఏ కథలోనైనా ముందు వెతుక్కునేది వావివరసలనే, కొత్త మనిషి ఎదురైతే పేరు కంటే వరస ముందు తెలియాలనుకుంటారు. నల్లబల్ల మీద ఆ తొమ్మిది పేర్లూ రాసి, మేనమామ, అన్న, చిన్నమ్మ అంటూ గీతలు కలిపిన తరువాత ఆ అబ్బాయి మళ్లీ పుస్తకం అందుకున్నాడు. ఇలాంటి నవల చదివించేవారు మొదటి సమావేశానికే ఆ పటం తయారుచేసి పెట్టుకోవాలని నా సలహా. రాతప్రతి దశలోనే ఈ స్పందన అందితే రచయితకు అది వంద పొగడ్తల కంటే ఎక్కువ పని చేస్తుంది.

అంతరిక్షం వచ్చేసరికి ప్రతి బృందంలోనూ ఇద్దరు ముగ్గురు "ఇది సైన్సు ప్రకారం తప్పు" అని లేస్తారు. వారిని ఊరుకోమనడం అన్యాయం, వారి మాటనే తుది తీర్పుగా తీసుకోవడం కూడా సరి కాదు. మా చీటీల్లో అంతరిక్షంలో గాలి లేదు కనుక పేలుడు శబ్దం వినపడదని ఒకరు, మూడు రోజుల్లో మరో నక్షత్రానికి చేరడం కుదరదని ఇంకొకరు రాశారు. రెండూ నిజాలే. సూర్యుడి తరువాత మనకు అత్యంత సమీపంలో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారి సుమారు 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది (కాంతి ఒక ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం). 1977లో బయలుదేరి సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో సాగుతున్న అంతరిక్ష నౌక వాయేజర్-1 అంత దూరం పోవాలంటే 70,000 ఏళ్లకు పైగా పడుతుంది. ఈ లెక్కను నల్లబల్ల మీద పిల్లల చేతనే చేయించాను, ఆ గంట వారికి నవల కంటే ఎక్కువ నచ్చిందేమో అనిపించింది.

అయితే ఫాంటసీని విచారించడానికి మరో తూకం కావాలి. అభ్యంతరం చెప్పిన ప్రతి చీటీ వెనుక ఒకటి లేదా రెండు అంకె వేయమని పిల్లలనే అడగాలి. కథ మన ప్రపంచపు నియమాన్ని మీరితే ఒకటి, తాను పెట్టుకున్న నియమాన్నే మీరితే రెండు. శబ్దం, దూరం గురించిన చీటీలకు ఒకటి పడింది. నవల చివరి భాగంలో నౌక పెద్ద శక్తిని వాడి శత్రువుల నుంచి తప్పించుకుంటుంది గాని జ్ఞాపకం ఏదీ పోగొట్టుకోదు. దాన్ని ముగ్గురు పాఠకులు ఎవరికి వారే పట్టుకున్నారు. "ఇప్పుడేం మరిచిపోయిందో రాయలేదు, గట్లైతే ఇన్ని రోజులు మనం ఏడ్సింది దేనికి?" అని ఒక అమ్మాయి రాసింది. ఆ చీటీ వెనుక రెండు అంకె ఉంది. నా దృష్టిలో మొదటి రకం అభ్యంతరాన్ని రచయిత పక్కన పెట్టవచ్చు, రెండో రకాన్ని మాత్రం దిద్ది తీరాలి, ఎందుకంటే అక్కడ పాఠకుడి నమ్మకం తెగిపోయింది.

మన పిల్లలు తడబడతారని నేను భయపడిన చోట వాళ్లు అసలు తడబడలేదు. నాయిక తిరిగి వచ్చేసరికి ఆమె తమ్ముడు ఆమె కంటే పెద్దవాడై, తల నెరిసి కనిపిస్తాడు. దాన్ని వివరించడానికి 1905లో ఐన్‌స్టీన్ ప్రతిపాదించిన సాపేక్షతా సిద్ధాంతాన్నీ, కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణించేవారికి కాలం నెమ్మదిగా నడవడాన్నీ చెప్పాలని సిద్ధపడి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఒకమ్మాయి, తన నానమ్మ చెప్పిన రేవతి కథ ఇలాగే ఉంటుందని అన్నది. కూతురికి తగిన వరుడి కోసం తండ్రి ఆమెను వెంటబెట్టుకొని బ్రహ్మలోకానికి వెళ్లి, అక్కడి పాట ముగిసేదాకా కాసేపు ఆగితే, ఈలోపు భూమి మీద ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయని భాగవతం నవమ స్కంధంలో ఉన్న కథ అది. ఒక్క నిమిషంలో తరగతి మొత్తానికి విషయం అర్థమైంది. అందువల్ల వివరణకు తొందరపడకుండా, "ఇలాంటిది ఇంతకుముందు ఎక్కడైనా విన్నారా?" అని ముందు అడిగి, వచ్చిన సమాధానాన్ని కూడా స్పందనగానే రాసిపెట్టుకోవాలి.

ఊరి జీవితం కథకు తగిలే చోటును ప్రత్యేకంగా గమనించాలి. నీళ్లు విషమైన గ్రహం రచయితకు బహుశా కథ కదలడానికి ఒక కారణం మాత్రమే అయి ఉండవచ్చు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన పెద్దలను ఇంట్లోనే చూస్తూ పెరిగిన పిల్లలకు అది కల్పన కాదు. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న సంగతి మా వైపు పిల్లలకు చిన్న తరగతుల్లోనే తెలుసు. ఆ అధ్యాయం చదివిన రోజు ఒక చీటీలో "గా గ్రహం మీద పటిక, సున్నం దొర్కదా?" అని ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన, పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పిల్లవాడు కథలోని అమ్మాయికి తన ఊరి ఉపాయం చెబుతున్నాడు. ఇలాంటి చీటీని ఏ కుప్పలోనూ కలపకుండా వేరుగా దాచాలి.

వలస విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. దేవరకొండ, పాలమూరు వైపు బతుకుదెరువు కోసం తల్లిదండ్రులు పట్నం, పుణె, ముంబై వెళ్లి, పిల్లలు అవ్వాతాతల దగ్గర ఉండే ఇళ్లు కొత్త కాదు. నాయిక తమ్ముణ్ణి నిద్రలేపకుండా వెళ్లిపోయే పుట దగ్గర ఒక చీటీ ఖాళీగా వచ్చింది, దాని మీద పుట సంఖ్య ఒక్కటే ఉంది. అది ఎవరు రాశారని నేను అడగలేదు, ఎవరూ అడగకూడదు. ఆ రోజు చర్చ పెట్టకుండా తరువాతి అధ్యాయం నేనే చదివి వినిపించాను. ప్రేమ ప్రస్తావన ఉన్న పుటల్లోనూ ఇదే మర్యాద పాటించాలి. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి కూర్చున్న చోట నోటితో చెప్పించకుండా, చీటీలను మూత ఉన్న అట్టపెట్టెలో వేయించడం మంచిది.

నవల పూర్తయిన తరువాత చీటీలన్నీ నేల మీద పుటల వరుసలో పరవాలి. ఏ పుట దగ్గర కుప్ప ఎత్తుగా ఉందో, ఎక్కడ వరుసగా 40 పుటల పాటు ఒక్క చీటీ కూడా లేదో కంటికే కనిపిస్తుంది. ఆ ఖాళీ చోట కథ కుంటుపడిందని అనుకోవచ్చు. అయితే అది పరీక్షల వారమో, బోనాల వారమో చూసుకున్న తరువాతే ఆ మాట అనాలి. 12 మంది చీటీలతో శాతాలు కట్టి, ఇంతమందికి నచ్చిందని ప్రకటించడం సరి కాదు.

ఆ తరువాత రాసే నివేదిక రెండు పుటలు మించనవసరం లేదు. చదివినవారి వయసు, తరగతి, ఇంట్లో పాఠ్యపుస్తకాలు కాక వేరే పుస్తకాలు ఉన్నాయా లేదా అన్న వివరం ముందు రాయాలి. కథా సారాంశం నాలుగు వాక్యాల్లో ముగించి, ముగింపు చెప్పకుండా ఆపాలి. పిల్లల మాటలను వారి యాసలోనే, పుట సంఖ్యతో సహా ఇవ్వాలి, పేర్లు మాత్రం ఇవ్వకూడదు. చదివించినవారి సొంత అభిప్రాయం చివర, వేరుగా, "ఇది నా మాట" అని తెలిసేలా ఉండాలి. నివేదికను రచయితకో ప్రచురణకర్తకో పంపే ముందు పిల్లలకు ఒకసారి చదివి వినిపించి, తీసేయమన్న మాట తీసేయాలి.

నెల రోజుల తరువాత మరో సమావేశం పెట్టి, పుస్తకం తెరవకుండా కథ చెప్పమనండి. చెప్పేటప్పుడు ఏం వదిలేశారో, ఏం కొత్తగా కలిపారో రాసుకోండి. మా బృందంలో కథ మొదలుపెట్టింది 31వ పుట దగ్గర పుస్తకం పక్కన పెట్టిన అబ్బాయే. పరదేశపు పేర్లన్నీ వదిలేసి, అక్క, తమ్ముడు, తాత, ఓడ అని నాలుగు మాటలతో ఇరవై నిమిషాలు చెప్పాడు. నౌక చివరిసారి శక్తిని వాడిన చోటికి వచ్చి కాసేపు ఆగి, "అప్పుడు ఓడ అక్క పేరు మరిచిపోయింది" అన్నాడు. నవలలో ఆ వాక్యం లేదు. మిగతా పదకొండు మందిలో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. నివేదిక చివర, పుట సంఖ్య రాయవలసిన చోట గీత గీసి, ఆ వాక్యాన్ని కూడా చేర్చి పంపాను.